462 మంది ఊరు

చిన్నప్పుడు మా నాన్న కొనిచ్చిన సోవియట్ తెలుగు పుస్తకాల వల్ల నాకు రష్యా పల్లెలంటే పిచ్చి. ఈ మధ్య రాత్రిళ్లు మ్యాపులో సైబీరియాలోని యకూతియా వైపు తిరుగుతున్నాను. అక్కడ ఇందిగిర్కా నది ఒడ్డున ఒయ్‌మ్యకోన్ ఉంది. 2010 జనాభా లెక్కల ప్రకారం ఊళ్లో 462 మంది. మా అపార్ట్‌మెంట్లో అంతకంటే ఎక్కువ మందిమి ఉంటాం!

అక్కడి స్థానిక తెగ ఎవెన్‌ల భాషలో ఆ పేరుకి గడ్డకట్టని నీళ్లని అర్థం చెబుతారు. ఏమి విచిత్రమో, 1933 ఫిబ్రవరిలో అక్కడ మైనస్ 67.7 డిగ్రీలు నమోదైంది. (నిజానికి కొలిచిన స్టేషన్ పక్కనున్న తోమ్‌తోర్ దగ్గరిది. పేరు మాత్రం దీనికొచ్చింది.)

మొదట్లో ఇది రెయిన్‌డీర్ల కాపరులు ఆగి, మందకి నీళ్లు పెట్టుకునే చోటు. సంచారం మాన్పించాలని సోవియట్ ప్రభుత్వం వాళ్లని ఇక్కడ స్థిరపరిచింది. ఆ ప్రాంతం గుండా పోయే కొలిమా రోడ్డు సంగతి వేరు, దాన్ని వేసింది గులాగ్ (సోవియట్ వెట్టిచాకిరీ శిబిరాల) ఖైదీలు. అది చదివాక మ్యాపులో ఆ గీతని మామూలుగా చూడలేకపోయాను.

శీతాకాలంలో ఎవరైనా పోతే గొయ్యి తవ్వడానికి నేలమీద మంట వేసి, కరిగినంత తవ్వి, మళ్లీ మంట వేస్తారట. మరుగుదొడ్లు ఇంటి బయటే, ఎందుకంటే పైపుల్లో నీళ్లు గడ్డకట్టేస్తాయి. మా ఆవిడకి ఇది చెబితే, "ముందు మన గీజరు బాగుచేయించండి" అంది.