అర్థమైందా అని అడగడం మానేశాక

డిగ్రీ కాలేజీలో మ్యాథ్స్ లెక్చరర్‌గా మొదటి ఏడాది అయిపోయింది, ఇన్విజిలేషన్ డ్యూటీలు కూడా అయ్యాక ఇప్పటికి తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. సబ్జెక్టు రావడం ఒకటి, ఎదురుగా కూర్చున్న పిల్లకి అది ఎక్కడ ఆగిపోయిందో కనిపెట్టడం ఇంకొకటి. కాకినాడలో ఎమ్మెస్సీ నాకు మొదటిది ఇచ్చింది, రెండోది ఈ ఏడాదంతా ఈ పిల్లలే నేర్పారు.

మా కాలేజీ కోనసీమలో. కోటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి ముక్తేశ్వరంలో దిగి అక్కణ్ణించి ఆటోలో వచ్చేవాళ్లున్నారు, పొద్దున్నే రొయ్యల చెరువు దగ్గర మేత వేసి వచ్చే అబ్బాయిలున్నారు, గోదావరి పాయల మధ్య ఉండే లంక ఊళ్ల నుంచి వచ్చే అమ్మాయిలున్నారు. చాలామంది టెన్త్ దాకా తెలుగు మీడియం, 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లీష్ మీడియం అయిపోయింది కాబట్టి పరీక్ష మాత్రం ఇంగ్లీషులో రాయాలి. ఈ పిల్లల్ని "అర్థమైందా?" అని అడిగితే క్లాసంతా ఒకే గొంతుతో "ఆయ్ మేడం" అంటారు. అది మర్యాద. మేడం అడిగితే లేదనడం మా వైపు పిల్లలకి చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు, దాన్నిబట్టి వాళ్లకి లెక్క వచ్చిందో లేదో ఎవరూ చెప్పలేరు.

అందుకని ఆ ప్రశ్న వదిలేసి, లెక్క సగం బోర్డు మీద చేసి "తర్వాత లైను మీరు రాయండి" అని బెంచీల మధ్యకి వెళ్లడం మొదలుపెట్టా. అక్కడ అన్నీ తెలుస్తాయి, పెన్ను ఎక్కడ ఆగింది, ఎవరు పక్కవాళ్ల నోట్సులోకి చూస్తున్నారు, ఎవరు రాసేసి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఇంటెగ్రేషన్ లెక్క జరుగుతుంటే ఒకమ్మాయి రూట్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ ప్లస్ 9 అని ఉన్నదాన్ని ఎక్స్ ప్లస్ 3 అని రాసింది. ఇలా ఎందుకు రాశావమ్మా అని అడిగా, తిట్టడానికి కాదు, నిజంగా తెలుసుకుందామని. మార్జిన్‌లో చూపించింది, రూట్ ఆఫ్ ఎక్స్ స్క్వేర్ ఇంటూ 9 అయితే 3 ఎక్స్ కదా మేడం, ఇంటూకి విడగొట్టినట్టే ప్లస్‌కీ విడగొట్టాను అంది. చూడండి, ఎంత పద్ధతిగా ఆలోచించిందో! ఒకచోట కరెక్ట్ అయిన రూల్‌ని ఇంకోచోటికి తీసుకెళ్లింది, అంతే. ఎక్స్ బదులు 4 వేసి చూడు అన్నా. ఒకవైపు రూట్ 25, అంటే 5. ఇంకోవైపు 7. ఆ రెండు అంకెల వైపే కాసేపు చూసి, లైను కొట్టేసి, "మరి ఎక్కడ విడగొట్టొచ్చు మేడం, ఎక్కడ కూడదు?" అని అడిగింది. ఇంత మంచి ప్రశ్న ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ ఎక్సర్‌సైజ్‌గా ఉండదు. ఆ పీరియడ్ అంతా దానికే ఇచ్చేశా, లాగ్‌కి, సైన్‌కి, స్క్వేర్‌కి, వన్ బై ఎక్స్‌కి అన్నిటికీ అంకెలు వేసి వాళ్లే చూసుకున్నారు, సిలబస్ ఒకరోజు వెనకపడింది, పడితే పడింది. ఇంటర్‌లో బిట్లు గుర్తుపెట్టుకుని వచ్చిన పిల్లలకి ఒక రూల్‌ని తమంతట తాము పరీక్షించుకోవచ్చని తెలియడం కంటే పెద్ద సిలబస్ ఏముంది?

మా డిపార్ట్‌మెంట్‌లో రిటైర్‌మెంట్‌కి దగ్గర్లో ఉన్న మాస్టారు ఒకరున్నారు, ఖాళీ ఉన్నప్పుడల్లా ఆయన క్లాసులో వెనక కూర్చునేదాన్ని. "ప్రశ్న అడిగాక జవాబు నువ్వే చెప్పేయకమ్మా, కాసేపు ఊరుకో" అనేవారు. నిజంగానే కాసేపు ఊరుకుంటే మూడో బెంచీలోంచి ఎవరో ఒకరు మొదలెడతారు.

ఇక వరదల సంగతి చెప్పాలి, ఈ ఏడాదిలో నాకు బాగా ఇష్టమైన క్లాసు అదే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఇవి ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వీళ్లు కళ్లారా చూశారు, ఇళ్లలో పెద్దవాళ్లు 1986 వరద గురించి ఇప్పటికీ చెప్తారు. నీళ్లొచ్చిన వారం లంక పిల్లలు సగం మంది రాలేదు, వచ్చినవాళ్ల ధ్యాసంతా ఫోన్లలో నీటిమట్టం మీదే ఉంది, సరే అదే లెక్క చేద్దాం అని బోర్డు మీద టేబుల్ వేశా. సులువుగా ఉండాలని అంకెలు నేనే వేసుకున్నా, 6 గంటలకి 12.1 అడుగులు, 7కి 12.4, 8కి 12.6, 9కి 12.7. ఏం జరుగుతోంది అన్నా. ఒక లంక కుర్రాడు వెంటనే "పెరుగుతుందండి, గానీ జోరు తగ్గింది, ఇంకాసేపట్లో నిలకడకొచ్చేస్తాది" అన్నాడు.

ఫస్ట్ డెరివేటివ్ (పెరిగే వేగం) పాజిటివ్, సెకండ్ డెరివేటివ్ (ఆ వేగంలో మార్పు) నెగటివ్, ముందుముందు మాక్సిమమ్ రాబోతోంది. ఆ కుర్రాడికి ఈ మూడూ తెలుసు, సామాను అటక మీదికి ఎక్కించాలా వద్దా అని వాళ్లింట్లో ఏటా ఈ లెక్కే వేసుకుంటారు. నేను చేసిందల్లా గంటగంటకీ పెరిగిన 0.3, 0.2, 0.1 లని పక్కన రాసి వాటికి పేర్లు పెట్టడమే. తర్వాత ఇంకో అమ్మాయి, భద్రాచలంలో తగ్గడం మొదలైనా మనకి ఇంకా పెరుగుతుంది కదా మేడం, ఆ నీళ్లు ఇక్కడికి రావడానికి టైం పడుతుంది కదా అని లేచింది, దాంతో రెండు గ్రాఫులు గీసి ఒకదాన్ని పక్కకి జరిపాం. ఆ రోజు తర్వాత మాక్సిమా మినిమా చాప్టర్లో సెకండ్ డెరివేటివ్ టెస్ట్ ఎందుకు అని ఎవరూ అడగలేదు, ప్లస్ మైనస్ గుర్తు తప్పు వేసినవాళ్లు కూడా చాలా తక్కువ.

అన్నీ ఇలా కుదరవు. సెకండియర్ వాళ్లకి రియల్ ఎనాలిసిస్‌లో సీక్వెన్స్ లిమిట్ డెఫినిషన్ ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఎంత చిన్న దూరం (ఎప్సిలాన్) అడిగినా ఫలానా పదం (ఎన్) దాటాక సీక్వెన్స్ లిమిట్‌కి ఆ దూరంలోపే ఉంటుంది, అంటే ప్రతి ఎప్సిలాన్‌కీ ఒక ఎన్ ఉంటుంది అన్న వాక్యాన్ని తిరగేసి, ఒకే ఎన్ అన్ని ఎప్సిలాన్లకీ పనిచేస్తుందన్నట్టు రాస్తారు, అప్పచెప్పమంటే మాత్రం అక్షరం పొల్లుపోకుండా చెప్తారు. వచ్చే బ్యాచ్‌కి డెఫినిషన్ ముందు చెప్పదల్చుకోలేదు. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి వన్ బై ఎన్ సీక్వెన్స్ (1, 1/2, 1/3 అని సున్నా వైపు వెళ్లేది) ఇస్తా, సున్నాకి ఎంత దగ్గరగా రావాలో ఒకరు అడగాలి, ఎన్నో పదం నుంచి అలా వస్తుందో రెండోవాళ్లు చెప్పాలి, ఒకరు 0.01 అంటే రెండోవాళ్లు 100 దాటిన దగ్గర్నించి అనాలి, 0.001 అంటే 1000 దాటాక అనాలి, ఇలా ఎంత చిన్నది అడిగినా జవాబు ఇవ్వగలమని వాళ్లకే అనిపించాక ఒకటి, మైనస్ ఒకటి, మళ్లీ ఒకటి, మళ్లీ మైనస్ ఒకటి అని తిరిగే సీక్వెన్స్ ఇస్తా. అక్కడ 0.5 అడిగితే ఎవరూ జవాబు ఇవ్వలేరు, ఎందుకు ఇవ్వలేకపోయారో వాళ్ల మాటల్లోనే రాయించాలి, తెలుగులో రాసినా సరే. డెఫినిషన్ ఆ తర్వాతే. ఎవరైనా ఇలా చెప్పి చూసినవాళ్లుంటే పిల్లలు ఎక్కడ ఆగిపోయారో నాకు చెప్పండి, క్లాసులు మొదలయ్యేలోపు మార్చుకుంటా.