చుక్క ముందు సున్నా

మొన్న ఆదివారం ఆలూరు దగ్గర మా ఊరికి పోయేసరికి నాయన పత్తికి మందు కలుపుతున్నాడు. పక్కన కరపత్రం. అందులో "లీటరు నీటికి .5మి.లీ." అని అచ్చేసినారు. ఆ చుక్క సరిగ్గా మడత మీద పడి అరిగిపోయింది. నాయన దాన్ని 5 అనే చదివినాడు. మా స్ప్రేయర్ ట్యాంకు 16 లీటర్లది. పోయాల్సింది 8 మి.లీ., ఆయన కొలిచి పెట్టుకున్నది 80. "ఆగు నాయనా" అని కొలత గ్లాసు చేతిలోంచి లాక్కున్నాను.

నేను కర్నూలులో డీటీపీ పని చేస్తాను. ఇట్లాంటి కరపత్రాలు ఎన్ని టైప్ చేసి ఇచ్చినానో! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

0.5 అని ఉంటే, చుక్క చెరిగినా 05 అని మిగిలేది. నాయనకు అనుమానమన్నా వచ్చేది. అంకెకూ కొలతకూ మధ్య ఖాళీ కూడా అంతే ముఖ్యం. కొలతలు రాసే అంతర్జాతీయ పద్ధతి చెప్పేదీ అదే. కోణం డిగ్రీలకు మాత్రం 90° అని కలిపే రాస్తారు. లీటరుకు గుర్తుగా రాసే ఇంగ్లీషు చిన్న ఎల్ అక్షరం 10 పక్కన అతుక్కుంటే 101లా కనిపిస్తుంది. ఒకటికీ ఎల్‌కూ ఈ తికమక ఉందనే 1979లో లీటరుకు పెద్ద ఎల్‌ను కూడా ఒప్పుకున్నారు.

ఖాళీ పెడితే ఒక్కోసారి అంకె పై లైన్లో, మి.లీ. కింది లైన్లో పడుతుంది. వర్డ్‌లో కంట్రోల్, షిఫ్ట్, స్పేస్‌బార్ కలిపి నొక్కితే రెండూ విడిపోవు.

సోమవారం షాపు తెరిచినప్పటి నుంచి పాత ఫైళ్లు దిద్దుతున్నాను. ఇంకా పదకొండు ఉన్నాయి.