పిల్లి ఏడిళ్ళు

ధనుర్మాసం ఆరో రోజు. తెల్లవారుజామున అమ్మ తిరుప్పావైలోని ‘పుళ్ళుం శిలంబిన కాణ్’ పాశురం చదువుతుంటే, నేను కట్టె పొంగలిలోకి మిరియాలు దంచుతున్నాను. ఆపరేషన్ అయిన మోకాలితో అమ్మ ఈసారి గుడికి వెళ్ళలేకపోతోంది. పుస్తకం ముందు పెట్టుకుంటుంది గానీ తెరవదు. ముప్పై పాశురాలూ నోటికే వచ్చు.

అప్పుడే మేడమెట్ల మీద నుంచి పిల్లి దిగింది, నోట్లో కూన. మెడ వెనక తోలు పట్టుకుంది. కూన కాళ్ళు ముడుచుకుని, తోక కడుపుకి ఆనించుకుని, చప్పుడు లేకుండా వేలాడుతోంది. కూనని మెట్ల కింద పాత గోనెసంచి మీద దించి పిల్లి మళ్ళీ పైకెళ్ళింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మాది ఎన్నో ఇల్లో!

మార్జాల కిశోర న్యాయం, అంటే పిల్లీ కూనా పోలిక గురించి ఎన్నిసార్లు విన్నానో, ఇంత దగ్గరగా చూడ్డం ఇదే మొదలు. దేవుడు మనల్ని కాపాడ్డంలో మన వంతు ఎంత అని రామానుజుల తర్వాత శ్రీవైష్ణవుల్లో పెరిగిన చర్చలోది అది. తల్లికోతి గెంతేటప్పుడు పిల్లే కరుచుకుని ఉండాలి కదా, అలాగే మన వంతు శరణాగతి మనం చెయ్యాలంటారు వేదాంత దేశికుల దారిలో నడిచే వడగలై వారు. పిల్లికూన అడ్డుపడకుండా ఉంటే చాలు, మోసుకెళ్ళేది తల్లే అంటారు పిళ్ళై లోకాచార్యులను అనుసరించే తెంగలై వారు. చిన్నప్పుడు నాకు నామాల్లో తేడా ఒక్కటే తెలుసు. ముక్కు మీదికి పాదం దిగితే తెంగలై.

వాదం కంటే ఆ ఇద్దరి జీవితాలే నన్ను కదిలిస్తాయి. 1323లో ఢిల్లీ సేనలు శ్రీరంగం మీద పడ్డప్పుడు ఇద్దరూ అక్కడే ఉన్నారని సంప్రదాయం చెబుతుంది. దేశికులు శవాల మధ్య పడుకుని సుదర్శన సూరి పిల్లలిద్దర్నీ, రామానుజుల శ్రీభాష్యానికి ఆ సూరి రాసిన శ్రుతప్రకాశిక అనే వ్యాఖ్యానాన్నీ కాపాడారట. లోకాచార్యులేమో పండు వయసులో రంగనాథుడి ఉత్సవమూర్తిని ఊరు దాటించి, మదురై దగ్గర జ్యోతిష్కుడి అనే ఊళ్ళో కన్నుమూశారు. పిల్లి దారి చెప్పినాయన చేతుల్లో స్వామే కూన అయ్యాడు! ఆ మూర్తి ఎక్కడెక్కడో తిరిగి తిరుమల చేరింది. అక్కడి రంగనాయకుల మండపానికి ఆ పేరు అందుకే. 1371లో విజయనగర సేనాని గోపన్న స్వామిని మళ్ళీ శ్రీరంగం చేర్చాడు.

నాది ఏ దారో ఇప్పటికీ తేలలేదు. అమ్మ ఆపరేషన్ రోజు రిపోర్టుల కవరు గుండెకి అదుముకుని కూర్చున్నాను. నేను పట్టు వదిలితే అన్నీ చేజారిపోతాయేమోనని ఒకటే టెన్షన్. లోపల అమ్మ మాత్రం మత్తు ఎక్కేదాకా పాశురాలు చదువుకుంటూనే ఉందట.

మధ్యాహ్నానికి రెండు కూనలే కిందికి వచ్చాయి. మూడోది మేడ మీద ఒకటే ఏడుపు. పిల్లి జాడ లేదు. తీసుకొద్దామని లేచాను.

“ముట్టుకోకే. మనిషి వాసన తగిలితే మళ్ళీ చోటు మార్చేస్తుంది” అంది అమ్మ.

కూర్చున్నాను గానీ చెవులన్నీ అటే. సాయంత్రం దీపం పెట్టే వేళకి ఏడుపు ఆగింది. వంగి చూస్తే గోనెసంచి మీద మూడు కూనలూ పాలు తాగుతున్నాయి. ఎప్పుడు తెచ్చిందో మేమెవరం చూడలేదు.

అమ్మ రేపటి పాశురానికి నాలుగింటికి అలారం పెట్టమంది.