చదివి ఊరుకునేవాళ్లు

మంగళవారం. గ్రూపు అడ్మిన్‌గా పొద్దున్నే ముందు చూడాల్సింది కబుర్లు కాదు, చేరతామని అడిగినవాళ్ల వరస. పాత రేడియోల మరమ్మతు గురించి మాట్లాడుకునే గ్రూపు ఇది, సభ్యులు మూడు వందలకు మించరు. ఇంత చిన్నదానికీ వాకిట్లో ఒక ప్రశ్న ఉండాల్సిందే. "ఎందుకు చేరుతున్నారు?" అని అడిగి లాభం లేదు. "నేర్చుకోవడానికి" అని మనిషీ రాస్తాడు, మనిషిలా ఖాతా నడిపే ప్రోగ్రామ్, అంటే బాటూ రాస్తుంది. "మీ దగ్గరున్న సెట్టు ఏది, అందులో ఇప్పుడు ఏం పనిచేయడం లేదు?" అని అడగాలి. నిజంగా రేడియో విప్పుకుని కూర్చున్నవాళ్లు దీనికి నాలుగు ముక్కలైనా రాస్తారు, డయల్ తాడు తెగిందనో, గుయ్‌మని మోత తప్ప ఏమీ వినబడటం లేదనో. ఈ రోజు వచ్చినవాటిలో ఒకదానికి జవాబు "ఇంట్రెస్టెడ్" అని ఒక్క మాట. ఖాతా నిన్నటిది, ఫొటో లేదు. అలాగని వెంటనే కొట్టేయకూడదు. కొత్తగా ఫోను చేతికొచ్చిన పెద్దవాళ్ల ఖాతాలూ అచ్చం ఇలాగే ఉంటాయి. అదే ప్రశ్న ఇంకొంచెం విడమరిచి అడిగి, రెండు రోజులు చూడాలి.

ఆహ్వాన లింకు కూడా ఇప్పుడే మార్చేయాలి. గడువు లేని లింకు ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. బయటపడ్డ గంటల్లోనే స్పామ్ ఖాతాలు గుంపుగా వచ్చి పడతాయి. టెలిగ్రామ్‌లో లింకుకి గడువూ పెట్టొచ్చు, ఎంతమంది వాడొచ్చో కూడా పెట్టొచ్చు. ఒక వారం, పది మంది చాలు. ఈ పది అనే అంకె స్పామ్ కోసమే కాదు. పాతవాళ్లు కొత్తవాళ్లకు పద్ధతి అలవాటు చేయగలిగేది నెమ్మదిగా వచ్చినప్పుడే. యూజ్‌నెట్ అనే పాతకాలపు ఆన్‌లైన్ చర్చావేదికలో ఏటా సెప్టెంబరులో కొత్త కాలేజీ విద్యార్థులు వచ్చేవాళ్లు, కొన్ని వారాల్లో అక్కడి తీరు పట్టుబడేది. 1993 నుంచి ఆన్‌లైన్ సర్వీసుల వినియోగదారులు ఆగకుండా రావడం మొదలయ్యాక ఆ నేర్పే వ్యవధి లేకుండా పోయింది. దాన్నే "ముగియని సెప్టెంబరు" అన్నారు. ఒకేరోజు యాభై మంది చేరితే మూడు వందల మంది గ్రూపుకీ అదే గతి.

పదింటికి ఒక కొత్త సభ్యుడి ప్రశ్న వచ్చింది: "రేడియో పనిచేయట్లేదు, ఏం చేయాలి?" ఇంతే. ఇలాంటి ప్రశ్నకు పాతవాళ్లకు చిరాకొస్తుంది, "పిన్ చేసింది చదవండి" అని, అంటే గ్రూపు పైన అంటించిన మెసేజ్ చూసుకోమని, ఒక్క ముక్క విసిరేస్తారు. ఆ జవాబు అడిగినవాడొక్కడికే తగిలితే అంత నష్టం లేదు. జనం వెబ్‌సైట్లు వాడే తీరును పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక స్థూలమైన లెక్క చెప్పాడు: ఆన్‌లైన్ సముదాయాల్లో నూటికి తొంభై మంది చదివి ఊరుకుంటారు, తొమ్మిది మంది అప్పుడప్పుడు రాస్తారు, ఒక్కరు మాత్రం ఎప్పుడూ రాస్తూనే ఉంటారు. చిన్న గ్రూపులో మాట్లాడేవాళ్ల వంతు ఇంకాస్త ఎక్కువే ఉండొచ్చు. అయినా మెజారిటీ మౌనమే. తమ ప్రశ్న రాసి, చెరిపేసి, రేపు చూద్దాంలే అనుకున్నవాళ్లంతా ఆ విసురు చదివారు. వాళ్లిక అడగరు. గ్రూపు ఎండిపోవడం ఎక్కువసార్లు ఇలాగే మొదలవుతుంది, గొడవలతో కాదు.

అందుకని ఇలాంటి మొదటి ప్రశ్నకు ఆ రోజే జవాబు పడాలి, అది రెండు అడుగుల్లో ఉండాలి. ముందు ఒక చిన్న పని: "డయల్ దీపం వెలుగుతోందా? వెనక మూత తీయకుండా, మోడల్ చీటీ కనబడేలా ఒక ఫొటో పెట్టండి." తర్వాతే పిన్‌లో ఎక్కడ ఏముందో చెప్పడం. అడిగిన మనిషికి చేయడానికి ఏదైనా దొరికితే తిరిగొస్తాడు, లింకు ఒక్కటే దొరికితే రాడు.

పిన్ చేసిన నియమాలు ఏడు లైన్లు దాటకూడదు. ఫోను తెరమీద వేలు కదపకుండా కనబడేంతే చదువుతారు. నియమాలు కళ్లెదుట ఉండటం వల్ల కొత్తవాళ్లు బెదిరిపోతారని కొందరి భయం. నేథన్ మటాయస్ 2019లో ప్రచురించిన పరిశోధన దానికి విరుద్ధంగా తేల్చింది. రెడిట్ అనే చర్చల సైటులోని సైన్స్ విభాగంలో 2,190 చర్చలు తీసుకుని, చీటీలు వేసినట్టు కొన్నింటికి మాత్రం నియమాలను పైన అంటించి చూశాడు. నియమాలున్నచోట కొత్తవాళ్లు వాటిని పాటించే అవకాశం ఎనిమిది శాతం పాయింట్లకు పైగా పెరిగింది, రాసే కొత్తవాళ్లూ పెరిగారు. ఇక్కడ ఏం మాట్లాడొచ్చో, ఎలాంటి మాట పడనివ్వరో ముందే తెలిస్తే నోరు విప్పడానికి ధైర్యం వస్తుంది.

మధ్యాహ్నం గొడవ. ఇద్దరూ పాతవాళ్లే, ఇద్దరికీ పని వచ్చు. వాల్వు సెట్టు విప్పేముందు ప్లగ్ తీస్తే చాలని ఒకరు రాశారు. అది తప్పు, ప్రమాదం కూడా. ప్లగ్ తీశాక కూడా, కరెంటు నిలవ ఉంచుకునే ఫిల్టర్ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు. రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి. రెండో ఆయన సరిగ్గానే దిద్దారు కానీ చివర "నీలాంటివాళ్ల వల్లే జనం చస్తారు" అని తగిలించారు. అక్కణ్ణుంచి పది నిమిషాల్లో ఇరవై మెసేజ్‌లు.

ఇక్కడ వరస ముఖ్యం. మొదట స్లో మోడ్, అంటే ఒక మెసేజ్ పెట్టినవాళ్లు ఇంకోటి పెట్టడానికి కొంతసేపు ఆగాల్సిన ఏర్పాటు. టెలిగ్రామ్‌లో గంట దాకా, డిస్కార్డ్ అనే ఇంకో చాట్ యాప్‌లో ఆరు గంటల దాకా పెట్టుకోవచ్చు, ఇలాంటిదానికి పదిహేను నిమిషాలు సరిపోతుంది. గ్రూపు మొత్తం మూసేస్తే సంబంధం లేనివాళ్ల నోరు కూడా నొక్కినట్టవుతుంది. రెండోది, తప్పు సలహాను తీసేయకుండా దాని కిందే సరైన పద్ధతి రాసి, రాసినాయన చేత ఆ పాత మెసేజ్ మొదట్లో "ఇది తప్పు, కింద చూడండి" అని చేర్పించడం. మాయం చేస్తే ఆ తప్పు ఇంకొకరు మళ్లీ రాస్తారు. ప్రాణం మీదికొచ్చే సలహా ఎడిట్ కాకుండా గంటకు మించి ఉండిపోతే మాత్రం తీసేయాల్సిందే. మూడోది, ఇద్దరికీ విడివిడిగా మెసేజ్. అందులో వాళ్ల స్వభావం గురించి ఒక్క మాటా ఉండకూడదు. వాళ్లు రాసిన వాక్యం యథాతథంగా పెట్టి, "కెపాసిటర్ గురించి మీరు చెప్పింది అలాగే ఉంచండి, ఈ చివరి వాక్యం మాత్రం ఎడిట్ చేసి తీసేయండి, ఇలాంటిది మళ్లీ వస్తే ఒకరోజు మ్యూట్ చేస్తాం, అంటే రాయనివ్వం" అని రాయాలి. నాలుగోది, గ్రూపులో పేర్లు లేకుండా రెండు లైన్లు: ఏం తీయించాం, ఎందుకు. చదివి ఊరుకునేవాళ్లకు అందేది ఈ రెండు లైన్లే. ఇవి లేకపోతే అడ్మిన్‌కి ఎవరు కావాల్సినవాళ్లో వాళ్లే ఊహించుకుంటారు.

శిక్షలకూ ఒక వరస ఉండాలి: మాట చెప్పడం, ఒకరోజు మ్యూట్, వారం మ్యూట్, ఆ తర్వాతే తొలగింపు. ఉమ్మడి వనరుల మీద పరిశోధించిన ఎలినార్ ఆస్ట్రమ్ 1990 నాటి తన పుస్తకంలో ఉమ్మడి సాగునీరు, అడవులు, చేపల వేట చూసుకునే సమూహాల గురించి రాస్తూ, ఎక్కువకాలం నిలిచినవాటిలో శిక్షలు ఇలా మెట్లు మెట్లుగా ఉండటం గమనించింది. పాత సభ్యుణ్ణి ఒక్కసారిగా బయటికి పంపితే ఆయనతోపాటు నలుగురు చప్పుడు చేయకుండా వెళ్లిపోతారు, ఆయనొక్కరే చెప్పగల జవాబులూ పోతాయి. స్పామ్‌కి, బెదిరింపులకు, ఒకరి ఫోన్ నంబరో చిరునామానో బయటపెట్టినవాళ్లకు మాత్రం మెట్లు వద్దు, నేరుగా తొలగింపే.

రాత్రి పని చిట్టా రాయడం. టెలిగ్రామ్‌లో అడ్మిన్లు చేసిన పనుల జాబితా 48 గంటలే ఉంటుంది, డిస్కార్డ్‌లో 45 రోజులు. మూడు నెలల తర్వాత "అప్పుడు నన్నొక్కణ్ణే ఎందుకు మ్యూట్ చేశారు?" అని అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు. అడ్మిన్లందరికీ కనబడే ఒక షీటులో తేదీ, మెసేజ్ స్క్రీన్‌షాట్, తీసుకున్న చర్య, తీసుకున్నది ఎవరు, కారణం ఒక్క వాక్యం. ఐదు గడులు, రెండు నిమిషాలు. ఒకే రకం తప్పుకి ఇద్దరు అడ్మిన్లు రెండు రకాలుగా తీర్పు చెప్పారేమో తెలిసేది కూడా ఇందులోనే.

గ్రూపు సొంతదారుగా ఒక్క ఖాతాయే ఉండటం సంగతి ఇంకా తేలలేదు. ఆ ఫోను పోతే ఏమవుతుందో ఇప్పుడే ఆలోచించాలి. వాట్సాప్‌లో ఉన్న ఒక్క అడ్మిన్ వెళ్లిపోతే సభ్యుల్లో ఎవరో ఒకరు యాదృచ్ఛికంగా అడ్మిన్ అయిపోతారు. టెలిగ్రామ్‌లో యాజమాన్యం ఇంకొకరికి ఇవ్వాలంటే టూ-స్టెప్ వెరిఫికేషన్ (ఖాతాకి అదనంగా ఒక పాస్‌వర్డ్) పెట్టి ఏడు రోజులు దాటి ఉండాలి, అంటే అవసరం వచ్చిన రోజున మొదలుపెడితే అందదు. ఇద్దరు అడ్మిన్ల చేతా రేపు అది పెట్టించాలి. ఇద్దరూ ఒకే వేళకు నిద్రపోయేవాళ్లే, కాబట్టి రాత్రి రెండింటికి మెలకువగా ఉండే మూడో మనిషిని కూడా అడగాలి.