స్కాన్‌లో ఏమీ లేదు, ఆగస్టు మాత్రం గుర్తు రాలేదు

తొమ్మిదో తరగతిలో, విజయవాడలో కబడ్డీ ప్రాక్టీసు. రెయిడుకి వెళ్లాను, కార్నర్‌లో ఉన్న అమ్మాయి చీలమండ పట్టేసింది. వెల్లకిలా పడ్డాను, తల నేలకి తగిలింది. స్పృహ తప్పలేదు. కోచ్ సార్ మూడు వేళ్లు చూపించి "ఎన్ని?" అన్నారు. మూడన్నాను. "ఏం కాలేదు, లే" అన్నారు. ఇంకో రెండు రెయిడ్లు వెళ్లాను. సెలక్షన్లు పది రోజుల్లో ఉన్నాయి మరి.

ఇంటికొచ్చేసరికి ట్యూబ్‌లైట్ కళ్లలో గుచ్చుకుంటోంది. నాయనమ్మ ఉప్పుతో దిష్టి తీసింది. రాత్రి రెండుసార్లు వాంతయితే నాన్న సూర్యారావుపేటలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. సీటీ స్కాన్ నార్మల్. ఇంట్లో అందరికీ టెన్షన్ పోయింది. నా తలనొప్పి పోలేదు.

మర్నాడు బళ్లో లెక్క సగంలోనే జారిపోతోంది. అమ్మ పట్టుబట్టి న్యూరాలజీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ స్కాన్ పక్కన పెట్టి, "ఇందులో కనపడేది రక్తం గడ్డకట్టడం, ఎముక విరగడం. కంకషన్‌లో, అంటే దెబ్బకి తలలో మెదడు అదిరినప్పుడు, దెబ్బతినేది అది పనిచేసే తీరు, అది ఫిల్మ్ మీద పడదు" అన్నారు.

పది మాటలు చదివి, తిరిగి చెప్పమన్నారు. అంకెలు వెనకనుంచి. తర్వాత నెలలు, డిసెంబరు నుంచి వెనక్కి. డిసెంబరు, నవంబరు, అక్టోబరు, సెప్టెంబరు, జులై... ఆగస్టు ఎటు పోయిందో! నా పుట్టినరోజు ఆ నెల్లోనే. అమ్మ వైపు చూడలేకపోయాను. (12 ఏళ్ల వరకు వాళ్లని వారాల పేర్లే అడుగుతారట, నేను ఏడాది పెద్దదాన్నయి చిక్కాను.) చెప్పులు విప్పి, ఒక పాదం వేళ్లకి రెండోదాని మడమ ఆనించి, నడుం మీద చేతులు, కళ్లు మూసుకుని 20 సెకన్లు నిలబడమన్నారు. నాలుగుసార్లు తూలాను. తొక్కుడుబిళ్లలో వీధిని ఓడించినదాన్ని! ఆ పది మాటల్లో చివరికి మిగిలినవి మూడు.

రెండు రోజులు ఫోన్ బంద్. అలాగని చీకటి గదిలో పడుకోమనలేదు, మెల్లగా నడవమన్నారు. ముందు చదువు, తర్వాతే ఆట: సగం పూట బడి, పూర్తి బడి, జాగింగ్, ఒంటరి డ్రిల్స్, ఆఖర్న పట్లు. ఆటలో ఒక్కో మెట్టుకీ కనీసం 24 గంటలు.

వారం తర్వాత వెళ్లినప్పుడు ఫారంలో తలనొప్పి ఎదురుగా సున్నా రాశాను. అమ్మ ఏమీ అనకుండా బ్యాగులోంచి ఖాళీ పారాసెటమాల్ స్ట్రిప్ తీసి బల్ల మీద పెట్టింది. సెలక్షన్లు అలా పోయాయి.

నాలుగు వారాలకి డాక్టరు సరేనన్నాక మళ్లీ రెయిడుకి వెళ్లాను. అదే అమ్మాయి, అదే కార్నర్. "పట్టనా?" అంది. కబడ్డీలో అలా అడిగేవాళ్లుంటారా! కూతలో ఉన్నాను, జవాబెలా చెప్పను? తలూపాను.