హారన్ మోగని ఊళ్లో జూన్ నెల

డెన్మార్క్ రావాలంటే జూన్‌లోనే రమ్మని మా చెల్లెలు ఒకటే పోరు. చలికాలంలో మధ్యాహ్నం నాలుగు కాకముందే చీకటి పడిపోతుందట. కొవ్వొత్తులు వెలిగించుకుని ఇళ్లల్లో కూర్చుంటారు తప్ప మనుషులు బయట కనపడరని దాని ఫిర్యాదు. జూన్‌లో రాత్రి పదింటికి కూడా వెలుతురు ఉంటుంది. కోపెన్‌హాగెన్ జనమంతా ఆ వెలుతురులోనే కాపురం పెట్టినట్టున్నారు. కాలవగట్ల మీద, పార్కుల్లో, చివరికి శ్మశానంలో కూడా.

శ్మశానం అని మాటవరసకి అనలేదు. నోరెబ్రో అనే పేటలో అసిస్టెన్స్ అని పెద్ద శ్మశానవాటిక ఉంది. పిల్లల కథల ఆండర్సన్, తత్వవేత్త కీర్కెగార్డ్, మనం ఫిజిక్స్‌లో చదువుకున్న నీల్స్ బోర్ సమాధులు అక్కడే ఉన్నాయి. అందులోనే పార్కులా వదిలేసిన భాగంలో దుప్పట్లు పరుచుకుని ఎండకు పడుకున్నవాళ్లు కొందరు, పుస్తకం చదువుకునేవాళ్లు కొందరు, పసిపిల్లలకు పాలు పట్టేవాళ్లు కొందరు. ఎవరికీ ఏ పట్టింపూ లేదు. మా అమ్మ ఉండి ఉంటే తలస్నానం చేస్తే గానీ నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.

ఈ దేశంలో నన్ను మొదట తికమక పెట్టింది మెట్రో. డ్రైవర్ ఉండడు, అది సరే, అలాంటి రైళ్లు ఇప్పుడు చాలాచోట్ల ఉన్నాయి. స్టేషన్లో గేట్లు కూడా లేవు. నేరుగా నడుచుకుంటూ వెళ్లి రైలెక్కేయొచ్చు. టికెట్ కొనలేదని ఎవరూ ఆపరు. ఎప్పుడైనా చెకింగ్‌లో దొరికితే మాత్రం జరిమానా వాచిపోతుంది. కాఫీ షాపుల బయట పసిపిల్లల బళ్లు నిలబెట్టి ఉంటాయి. ఖాళీవి అనుకున్నాను. వంగి చూస్తే లోపల పిల్లలు నిద్రపోతున్నారు, తల్లులు అద్దానికి అవతల కాఫీ తాగుతున్నారు. చల్లగాలిలో పడుకుంటే పిల్లలు ఆరోగ్యంగా ఉంటారని వీళ్ల నమ్మకం. 1997లో ఒక డేనిష్ తల్లి న్యూయార్క్‌లో ఇలాగే బిడ్డను రెస్టారెంట్ బయట పడుకోబెట్టినందుకు అక్కడి పోలీసులు అరెస్టు చేశారు. ఇక్కడివాళ్లకు ఆ సంగతి ఇప్పటికీ వింతే.

రోస్కిల్డే వెళ్లే దారిలో మా మరిది పెద్దరోడ్డు వదిలి పల్లెదారి పట్టాడు. ఒక పొలం పక్కన చిన్న చెక్క బల్ల, దాని మీద అట్టపెట్టెల్లో స్ట్రాబెర్రీలు, మట్టి అంటుకున్న కొత్త బంగాళాదుంపలు. అమ్మే మనిషి లేడు. చేత్తో రాసిన ధరల చీటీ, డబ్బు వేయడానికి బల్లకు బిగించిన ఇనప డబ్బా, ఫోన్‌లో కట్టేవాళ్ల కోసం ఒక నంబర్ ఉన్నాయి. పెట్టె తీసుకుని, ఫోన్‌లో డబ్బు పంపి, కారెక్కాం. కనుచూపు మేరలో ఇల్లు కూడా లేదు. "ఎవరైనా పెట్టెలన్నీ ఎత్తుకుపోతే?" అన్నాను. "అన్ని స్ట్రాబెర్రీలు ఏం చేసుకుంటారు వదినా?" అన్నాడు. అలాగని దొంగలే లేని దేశం అనుకోకండి. సైకిళ్లు మాత్రం బాగానే పోతాయట. మా చెల్లెలు తన సైకిల్‌కి రెండు తాళాలు వేస్తుంది.

సైకిళ్ల గురించి అందరూ రాసేదే కాబట్టి ఎక్కువ చెప్పను. ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య సైకిళ్లకు విడిగా దారి ఉంటుంది. ఆగాలంటే ముందు చెయ్యెత్తాలి. ఎడమకు తిరగాలంటే నేరుగా రోడ్డు దాటి, అవతల మూల ఆగి, అప్పుడు తిరగాలి. ఆ దారిలో నిలబడి సెల్ఫీ తీసుకునే టూరిస్టుల మీద తప్ప వాళ్లు ఎవరి మీదా విసుక్కోగా చూడలేదు. ఇక కార్లయితే హారనే కొట్టవు.

ఇంత నమ్మకంగా బతికే మనుషులు పక్కింటివాళ్లను పలకరించరు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు కిటికీలోంచి చూస్తూనే దిగిపోతారు. మొదట్లో నాకిది పొగరులా అనిపించింది. మా చెల్లెలి లెక్క వేరు. ఎదుటివాడి ప్రశాంతతను చెడగొట్టకపోవడమే వీళ్ల మర్యాద అంటుంది. ఆ మాట నేను పూర్తిగా ఒప్పుకోను. కొత్తగా వచ్చిన వాళ్లకు ఈ మర్యాద ఒంటరితనంగానే తగులుతుంది. ఇక్కడ స్నేహం చేయాలంటే ఏదో ఒక క్లబ్బులో చేరాలట. బ్యాడ్మింటనో, పాటల బృందమో, పడవ నడపడమో, ఏదైనా సరే.

అయితే ఇంటికి పిలిచారంటే మనస్ఫూర్తిగా పిలిచినట్టే. పక్కింటివాళ్లు కొన్ని వారాల ముందే తేదీ ఖాయం చేసుకుని మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఆరింటికంటే ఆరింటికే. మా మరిది వాళ్ల గేటు ముందు గడియారం చూసుకుంటూ మమ్మల్ని కాసేపు నిలబెట్టాడు. చెప్పులు గుమ్మంలోనే విప్పాలి, ఆ ఒక్క విషయంలో సొంతింటికి వెళ్లినట్టే ఉంది. బయట ఎండ కాస్తున్నా బల్ల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. వాళ్లు నల్లటి రై రొట్టె మీద వెన్న రాసి ఊరబెట్టిన హెర్రింగ్ చేప పెట్టుకున్నారు. నేను శాకాహారిని కాబట్టి నాకు అదే రొట్టె మీద ఉడికించిన కొత్త బంగాళాదుంప చక్రాలు, మయొనైజ్, సన్నగా తరిగిన ఉల్లికాడలు. రొట్టే కదా అని చేత్తో తీసుకోకూడదు, కత్తీ ఫోర్కూ పట్టాల్సిందే. గ్లాసు ఎత్తి "స్కోల్" అన్నప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, తాగాక మళ్లీ చూడాలి. నా గ్లాసులో ఉన్నది ఆపిల్ రసమే అయినా నాకూ మినహాయింపు లేదు. లేచేముందు పిల్లలతో సహా అందరూ భోజనం పెట్టినందుకు థాంక్స్ చెప్పారు. కొన్నాళ్లకు మళ్లీ కలిసినప్పుడు "మొన్నటిదానికి థాంక్స్" అని ఇంకోసారి చెప్పుకుంటారు. ఆ ఇంటావిడ టీచరు. బడిలో పిల్లలు ఆవిడను పేరు పెట్టే పిలుస్తారట, అండీ గిండీ ఏమీ లేదు.

23వ తేదీ రాత్రి సాంక్ట్ హాన్స్ పండగ. సముద్రం ఒడ్డున కట్టెలు గుట్టగా పేర్చి, పైన గడ్డితో చేసిన మంత్రగత్తె బొమ్మను నిలబెట్టారు. ముందు ఎవరో స్థానిక నాయకుడి ప్రసంగం, తర్వాత మంట, తర్వాత 1885లో హోల్గర్ డ్రాక్‌మన్ అనే కవి రాసిన పాట. చేతుల్లో కాగితాలు పట్టుకుని అందరూ పాడారు. మనకు భోగి మంట ఎలాగో వీళ్లకిది అలాగ. మంట పాతదే గానీ బొమ్మను కాల్చడం పెద్ద పాతదేం కాదు, సుమారు వందేళ్ల అలవాటు. నిజం మనుషులను కాల్చిన కాలమూ ఈ దేశానికి ఉంది. మంత్రగత్తె అన్న నేరం మీద చివరి మరణశిక్ష 1693లో అన్నా పాలెస్ అనే ఆవిడకు పడింది. అందుకే బొమ్మ వద్దనేవాళ్లు ఇక్కడే ఉన్నారు. బొమ్మ అంటుకోగానే చుట్టూ పిల్లలు కేకలు వేస్తుంటే నాకూ ఎందుకో చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు.

ఆ వారంలోనే ఇంటర్ లాంటి చదువు పూర్తిచేసిన పిల్లలు తెల్లటోపీలు పెట్టుకుని, కొమ్మలు, తెల్లదుప్పట్లు కట్టిన లారీల్లో ఊరేగుతారు. లారీ క్లాసులోని ప్రతి పిల్ల ఇంటి ముందూ ఆగుతుంది. ఆ తల్లిదండ్రులు అందరికీ తినడానికీ తాగడానికీ పెట్టాలి. మా పక్కింటమ్మాయి వంతు సాయంత్రం వచ్చింది. గేటు నుంచి గుమ్మం దాకా చిన్న ఎర్రజెండాలు గుచ్చారు. 1219లో ఒక యుద్ధం మధ్యలో ఆకాశం నుంచి పడిందని కథ చెప్పుకునే జాతీయ జెండా అదే. పుట్టినరోజు కేకు మీదా అదే, ఎయిర్‌పోర్టులో చుట్టాల కోసం ఎదురుచూసేవాళ్ల చేతుల్లోనూ అదే. లారీ దిగిన పిల్లలు పుచ్చకాయ ముక్కలు, హాట్‌డాగ్‌లు ఖాళీ చేసి, టోపీల లోపల ఒకరికొకరు ఏవేవో రాసుకుని, మళ్లీ ఎక్కేశారు.

నేను ఉండబట్టలేక వాళ్లమ్మను మార్కులెన్ని అని అడిగాను. ఇక్కడ అన్నిటికన్నా పెద్ద మార్కు 12. బాగానే వచ్చాయంది, అంకె చెప్పలేదు. తర్వాత ఏం చదువుతుందంటే, ఏడాది పాటు ఒక బేకరీలో పనిచేస్తుంది, ఆ డబ్బుతో ఊళ్లు తిరుగుతుంది, తర్వాత చూద్దాం అంది.

"గుంటూరులో అయితే ఈపాటికి కోచింగ్‌కి ఫీజు కట్టేసేవాళ్లం" అంది మా చెల్లెలు.

మర్నాడు మా ముందు అలాంటి లారీయే వెళ్తోంది. ఎన్నిసార్లు హారన్ కొడితే పిల్లలు ఏం చేస్తారో వెనక దుప్పటి మీద రాసి ఉంది. ఒకసారికి ఒక గుక్క తాగుతారు, రెండుసార్లకు గంతులేస్తారు. ఇన్నేళ్లలో హారన్ జోలికి పోని మా మరిది రెండుసార్లు గట్టిగా కొట్టాడు. లారీ అంతా ఊగిపోయింది. "ఇంకోసారి కొట్టండి బాబాయ్" అని వెనకసీట్లోంచి మా అబ్బాయి.