పాత గుడి ఎందుకు పడగొట్టారు?

మా ఊళ్లో కొత్త గుడి (చర్చిని మేం గుడి అనే అంటాం) ప్రతిష్ఠ ఫోటోలు వాట్సాప్‌లో వచ్చిన రోజు నాకు మధ్యాహ్నం డ్యూటీ. జర్మనీలో ఉల్మ్ అనే ఊళ్లో ఒక ఓల్డేజ్ హోమ్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. నా వార్డులో తొంభై దాటిన పెద్దావిడ ఒకరున్నారు. ఆవిడ కాళ్లకు బిగుతు మేజోళ్లు తొడుగుతూ, సంతోషం పట్టలేక ఫోన్ తీసి చూపించాను. ముందు పాత గుడి, ఆ తర్వాత కొత్తది. పాత ఫోటో దగ్గరే ఆవిడ చాలాసేపు ఆగారు. "ఇది ఇప్పుడెక్కడుంది?" అని అడిగారు. దాన్ని పడగొట్టి అదే స్థలంలో ఇది కట్టుకున్నామని చెప్పాను.

"ఎందుకు పడగొట్టారు? బాంబులు పడ్డాయా?"

లేదన్నాను. "మాకు పడ్డాయి. అయినా మాది నిలబెట్టుకున్నాం" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. నేను మేజోళ్లు సర్ది, మందులిచ్చి పక్క గదికి వెళ్లిపోయాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

ఆవిడ చెప్పింది నిజమే. 1944 డిసెంబరు 17 రాత్రి జరిగిన దాడిలో ఉల్మ్ పాతబస్తీలో ఎనభై శాతానికి పైగా నేలమట్టమైంది. నడుమ ఉల్మ్ మిన్‌స్టర్ అనే పెద్ద చర్చి ఒక్కటీ దాదాపు క్షేమంగా మిగిలింది. అప్పటికి ఆవిడ చిన్నపిల్ల. చుట్టూ ఊరంతా కాలిపోయి గుడి ఒక్కటే నిలబడి ఉండటం కళ్లారా చూసిన మనిషి, చేజేతులా గుడి పడగొట్టుకున్నాం అంటే ఏమనుకుంటారు? ఆవిడ మీద కోపం లేదు. కానీ నాకూ చెప్పుకోవలసింది ఉంది. ఆ రోజు జర్మన్‌లో చెప్పలేకపోయింది ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మాది పల్నాడులో చిన్న ఊరు, లూథరన్ సంఘం, అంటే జర్మనీకి చెందిన మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంటు క్రైస్తవులం. గుంటూరు లూథరన్లకు జర్మనీ కొత్త కాదు. 1842లో గుంటూరు వచ్చి మిషను మొదలుపెట్టిన హేయర్ అయ్యగారు అమెరికా నుంచి వచ్చినా, పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. మా పాత గుడి ఆ మిషను కాలం తర్వాత ఎప్పుడో కట్టింది. సున్నపు గోడలు, పైన బంగళా పెంకులు, లోపల టేకు దూలాలు. వానాకాలంలో బల్ల మీద బైబిలు తడిసేది. చెదలు సగం దూలాల్ని తినేశాయి. సంఘం మూడింతలైంది. క్రిస్మస్‌కు సగం మంది బయట చాపల మీద కూర్చునేవాళ్లు. మిరపకోతలకు వెళ్లే ఆడవాళ్లు ఇంటింటా గుప్పెడు బియ్యం తీసి, వాటిని అమ్మి కూడబెట్టిన డబ్బుతో శంకుస్థాపన చేసుకున్నాం. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, హైదరాబాదులో ఉన్నవాళ్లు, నేను, తలా కొంత పంపాం. ఎక్కడి నుంచీ గ్రాంటు రాలేదు. అలాంటి సంఘాన్ని పట్టుకుని ఎందుకు పడగొట్టారని అడిగితే మనసు చివుక్కుమనదా?

ఇక్కడి పద్ధతి వేరు. ఊళ్లోకి వచ్చిన కొత్తలో అడ్రసు నమోదు చేయించుకునేటప్పుడు ఫారంలో మతం అడుగుతారు. ప్రొటెస్టెంటు అని రాస్తే ప్రతి నెలా జీతంలోంచి చర్చి పన్ను పోతుంది. ఈ రాష్ట్రంలో అది కట్టే ఆదాయపు పన్ను మీద 8 శాతం. మొదటి పేస్లిప్ చూసినప్పుడు నాకు కష్టంగా అనిపించింది, డబ్బు పోయినందుకు కాదు. మనకు కానుక అంటే చేత్తో సంచిలో వేసేది. ప్రభుత్వం కోసుకుంటే అది కానుకెలా అవుతుంది? ఆ పెద్ద చర్చికి ఆ పన్నుకు తోడు విరాళాలు, గోపురం ఎక్కేవాళ్ల టికెట్లు కూడా ఉన్నాయి. చర్చికి సొంతంగా రాతిపనివాళ్ల కార్ఖానా ఉంది. ఏడాది పొడవునా వాళ్లకు అదే పని, అరిగిన రాయి తీసి అదే కొలతలో చెక్కిన కొత్త రాయి పెట్టడం. యూరప్‌లోని ఇలాంటి చర్చి కార్ఖానాల పనితనాన్ని యునెస్కో కూడా 2020లో గుర్తించింది. అలాంటి కార్ఖానా ఒకటి మా ఊళ్లో ఉంటే మా గుడీ నిలబడేది.

ఆ వారం ఆదివారం సెలవు దొరికితే చర్చికి వెళ్లాను. అంతకుముందూ వెళ్లాను, కానీ ఈసారి ఆవిడతో వాదించడానికి వెళ్లినట్టు వెళ్లాను. లోపలికి అడుగుపెడితే మనిషి తల తనంతట తానే పైకి లేస్తుంది. నడుమ కప్పు నలభై మీటర్లకు పైనే. పొడవు 120 మీటర్లు దాటుతుంది. ఇరువైపులా స్తంభాల వరసలతో అయిదు భాగాలుగా ఉంటుంది లోపల. ఇంత పెద్ద గుడిలో చాలా గోడలు ఇటుకవే అని చూసి నాకెందుకో ధైర్యం వచ్చింది. ఆ రోజు ఆరాధనకు వచ్చిన వాళ్లంతా ముందు వరసల్లోనే సరిపోయారు. మిగతా అంతా ఖాళీ. పాట మొదలైతే ఆర్గాన్ ముందు మనుషుల గొంతు వినపడలేదు. మా గుడిలో డోలక్ ఒక్కటి ఉంటే చాలు, వీధి చివర దాకా వినపడుతుంది. మీరు రాళ్లు కాపాడుకున్నారు, మేం మనుషుల్ని కాపాడుకున్నాం అని ఆవిడకు చెప్పాలనిపించింది.

అయితే ఆ చర్చి కథ ఒక్కొక్కటే తెలుసుకుంటూ పోతే నా వాదన తేలికగా నిలబడలేదు. ఆవిడ వాదనా నిలబడలేదు.

ఉల్మ్‌కు మొదట గుడి ఊరి గోడల బయట, దూరంగా పొలాల్లో ఉండేది. 1376లో నాలుగో చార్లెస్ చక్రవర్తి ఊరిని ముట్టడించాడు. గుడి బయట, జనం లోపల. ఇక గుడి గోడల లోపలే ఉండాలని ఊరివాళ్లు తీర్మానించుకున్నారు. 1377 జూన్ 30న ఊరిపెద్ద లుట్జ్ క్రాఫ్ట్ పునాదిరాయి వేశాడు. మరి బయట ఉన్న పాత గుడిని ఏం చేశారు? పడగొట్టారు! ఆ రాళ్లు మోసుకొచ్చి కొత్త దాంట్లో పెట్టుకున్నారు. అది చదివిన రోజు నాకు ఎంత ఊరటగా అనిపించిందో. ఆవిడ పూర్వీకులూ మాలాగే చేశారు. కారణం కూడా మాలాంటిదే, గుడి జనానికి అక్కరకు రావాలి.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. దీన్ని కట్టించింది బిషప్పూ కాదు, రాజూ కాదు. ఉల్మ్‌లో బిషప్పే లేడు, కాబట్టి ఇంత ఎత్తున్నా ఇది కెథడ్రల్ (బిషప్పు పీఠం ఉండే చర్చి) కాదు, ఊరి గుడి. అప్పట్లో ఊరి జనాభా పదివేల లోపే. అయినా ఇరవై వేల మంది నిలబడేంత గుడి తలపెట్టారు. బట్టల వ్యాపారులు, చేతిపనుల సంఘాలు, ఇళ్లవాళ్లు కలిసి చందాలతో కట్టుకున్నారు. లోపల ఒక పాత శిల్పం ఉంది: లుట్జ్ క్రాఫ్టూ ఆయన భార్యా కలిసి చర్చి నమూనాను మేస్త్రీ భుజాల మీద పెడుతుంటారు. బరువంతా ఆ మేస్త్రీ మీద. మా కొత్త గుడి స్లాబు వేసిన రోజున సెంట్రింగ్ కింద రాత్రంతా కాపలా కాసిన మా మేస్త్రీ బాబాయి గుర్తొచ్చాడు. ఆయన పేరు శిలాఫలకం మీద లేదు. ఎమ్మెల్యే పేరుంది.

మేస్త్రీలు మారేకొద్దీ పథకమూ మారింది. పార్లర్ అనే మేస్త్రీల కుటుంబం మొదలుపెట్టింది. 1392లో వచ్చిన ఉల్రిక్ ఫన్ ఎన్సింగెన్ పడమటి వైపు మహా గోపురం ఆలోచన తెచ్చాడు. తర్వాత మథేయస్ బ్యోబ్లింగర్ దాన్ని ఇంకా ఎత్తుకు గీశాడు. 1492లో చర్చిలో ప్రార్థన జరుగుతుండగా గోపురం కింది కప్పు నుంచి రాళ్లు ఊడిపడ్డాయి. జనం హడలిపోయారు. బ్యోబ్లింగర్ పని పోయింది, ఊరు విడిచిపెట్టాల్సి వచ్చింది. ఆయన తర్వాత ఆగ్స్‌బర్గ్ నుంచి వచ్చిన ఎంగెల్‌బర్గ్ పునాదులు గట్టిచేసి, గోపురం పక్కనున్న ఆర్చీలు పూడ్చి, పక్క భాగాల్లో సన్న స్తంభాలు పెట్టి బరువు పంచాడు. అయిదు భాగాలు అని ఇందాక చెప్పింది అలా వచ్చిందే. మొదట మూడే ఉండేవి. అందాన్ని చూసి మెచ్చుకుంటున్న స్తంభాలు నిజానికి కూలకుండా పెట్టిన ఊతలు.

1530లో ఊరివాళ్లు ఓటు వేసి లూథర్ వైపు వచ్చారు. మరుసటి ఏడాది లోపలున్న దాదాపు అరవై బలిపీఠాలు, విగ్రహాలు తీసేశారు. ఎంత పనితనం పోయిందో! యోర్గ్ సూర్లిన్ అనే శిల్పి 1469 నుంచి 1474 వరకు చేయించిన చెక్క ఆసనాల వరస మాత్రం మిగిలింది. దాని అంచున ఒకవైపు పైథాగరస్, సిసెరో, టోలెమీ లాంటి క్రీస్తును ఎరగని పండితులు, ఎదురుగా జోస్యం చెప్పే స్త్రీలు. ముఖాల మీది ముడతలు కూడా చెక్కారు. రోజూ ముసలి ముఖాలు తుడిచే నాకు ఆ ముడతలు తెలిసినవే. గర్భగుడి వైపు ఆర్చీ పైన 1471 నాటి తీర్పుదినం చిత్రం ఉంది. అది చాలా కాలం సున్నం కింద ఉండిపోయింది.

1543లో పని ఆగిపోయింది. గోపురం వంద మీటర్ల దగ్గర మొండిగా నిలిచింది. ఇక్కడ నా వాదన పూర్తిగా తిరగబడింది. మూడువందల ఏళ్లు మొండి గోపురంతో ఉన్న ఊరు 1844లో మళ్లీ పని మొదలుపెట్టింది. ఏ ఆధారంతో? పని పోగొట్టుకుని వెళ్లిపోయిన బ్యోబ్లింగర్ గీసిన నక్షా ఆధారంతో. మనిషిని తరిమారు గానీ ఆయన గీత పారేయలేదు. తోలు మీద గీసిన ఆ గోపురం అన్ని తరాలు పెట్టెల్లో పదిలంగా ఉంది. 1885 నుంచి ఆగస్ట్ బేయర్ అనే ఆర్కిటెక్ట్ దాని ప్రకారం కట్టి, ఇంకో పది మీటర్లు కలిపాడు, 157 మీటర్ల కొలోన్ కెథడ్రల్‌ను దాటాలని. 1890 మే 31న చివరి రాయి పెట్టారు. 161.53 మీటర్లు. 2025 అక్టోబరు చివర బార్సిలోనాలోని సగ్రదా ఫమీలియా చర్చి దాటే వరకు లోకంలో ఇంతకన్నా ఎత్తయిన చర్చి లేదు. ఆ వార్త వచ్చిన రోజు మా హోమ్‌లో అందరూ దాని గురించే మాట్లాడారు, ఇంట్లో మనిషికి ఏదో జరిగినట్టు. పునాది నుంచి శిఖరం దాకా 513 ఏళ్లు.

అంటే పడగొట్టడం తప్పు కాదు, వాళ్లూ పడగొట్టారు. పెంచడం తప్పు కాదు, వాళ్లూ పెంచారు. విగ్రహాలు తీసి పారేసిన చేతులే నక్షాను దాచాయి. మా పాత గుడి పొడవెంతో, గోడ మందమెంతో ఇప్పుడు ఎవరినడిగితే చెబుతారు? కిటికీ ఆర్చీలు ఎవరు కట్టారో మా నాన్నగారి తరానికే తెలియదు. మిషను కాలం నాటి శిలాఫలకం ఏమైందని తమ్ముణ్ణి అడిగితే, "రెండు ముక్కలైంది అక్కా, మెట్ల కింద రబ్బీషులో పోయింది" అన్నాడు. దాని మీద తెలుగులో పేర్లున్నాయి. గుడి కోసం మొదట చందా ఇచ్చిన మా ఊరి పేర్లు. నాకు నిద్ర పట్టనిది ఆ పేర్ల గురించే. చెదలు తిన్న దూలాలకు నేను బాధపడను.

మనవాళ్లకు కట్టడం చేతకాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. కరువు రోజుల్లో పస్తులున్న కూలీలకు కూడు పెట్టే పనిగా మొదలై 1924లో మెదక్ చర్చి లేచింది. అది ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చిన్న ఊళ్ల గుళ్లకే ఎవరూ దిక్కు లేరు. వాటి ఫోటో కూడా ఎవరూ తీయరు. పెళ్లి ఆల్బమ్‌లో వెనకాల కనపడితే కనపడినట్టు.

మా పక్క ఊరి గుడి కూడా పాతదే, మాదానికన్నా బాగుంటుంది. వచ్చే వేసవిలో దాన్ని పడగొట్టి స్లాబు గుడి కట్టాలని అక్కడి కమిటీ అనుకుంటోంది. వద్దని నేను చెప్పను, వానకు తడిసేది వాళ్లు. తమ్ముడు సివిల్ డిప్లొమా చదివాడు. వెళ్లి టేపు పట్టి గోడలు, కిటికీలు, కప్పు వాలు అన్నీ కొలిచి గీయమన్నాను, లోపలా బయటా ఫోటోలు తీయమన్నాను. ఒప్పుకున్నాడు. ఆ ఊరి పాస్టరు గారితో కూడా ఫోన్‌లో మాట్లాడాను. గంట, శిలాఫలకం, చెక్కపని ఉన్న ద్వారబంధం కొత్త గుడిలోకి తీసుకుంటామన్నారు. టేకు దూలాల సంగతి మాత్రం కమిటీ తేల్చాలట. అవి అమ్మితే పునాదుల ఖర్చులో కొంత గిట్టుబాటవుతుందని లెక్కేసుకున్నారు. ఆ మొత్తం ఎంతో చెప్పమన్నాను. ఇంకా చెప్పలేదు.